మా నాన్ననే అడగండి

"ఆయనేం తీసుకుంటారు?"

మే నెలాఖరు నుంచి మూడు వారాలు మా నాన్నని తీసుకుని కొలోన్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, పారిస్ తిరిగొచ్చాను. అన్ని ఊళ్ళలోనూ నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. హోటల్లో వెయిటర్ అడిగాడు. టికెట్ల కౌంటర్లో అమ్మాయి "ఆయన వయసెంత?" అంది. కొలోన్‌లో మన తెలుగువాళ్ళు భోజనానికి పిలిస్తే అక్కడా "అంకుల్‌కి పప్పు వెయ్యనా?" అని నన్నే అడిగారు. అంకుల్ నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఆయనకి కళ్ళు కనపడవు, అంతే. చెవులు శుభ్రంగా వినపడతాయి. ముప్పై నాలుగేళ్ళు రాజమండ్రిలో బ్యాంకు టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరయిన మనిషి. రోజంతా మాట్లాడటమే ఆయన ఉద్యోగం. పప్పు కావాలో వద్దో చెప్పుకోగలడు.

బయల్దేరే ముందే ఒక బంధువు ఫోన్ చేసి, "ఆయనకేం కనపడుతుందనమ్మా అంత ఖర్చు?" అంది. ఆవిడకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నోరు పెగల్లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆవిడ కోసం, పప్పు వడ్డించిన స్నేహితుల కోసం, ఇంకా నా కోసం. ఎందుకంటే మొదటి నాలుగు రోజులు నేనూ అదే తప్పు చేశాను.

కొలోన్ రైల్వే స్టేషన్ దాటి బయటికి రాగానే ఎదురుగా పెద్ద చర్చి, కొలోనర్ డోమ్. 157 మీటర్ల ఎత్తు. నేను మొదలెట్టాను: నాన్నా, రెండు శిఖరాలున్నాయి, రాయి నల్లబడిపోయింది, కిటికీల నిండా రంగు అద్దాలు... ఊపిరి తీసుకోకుండా చెబుతున్నాను. నాన్న నా మోచెయ్యి మీద చిన్నగా తట్టి, "కాసేపు ఊరుకో అమ్మడూ, ఊరు మాట్లాడుతోంది" అన్నాడు.

నేను ఊరుకున్నాక నాకూ వినపడింది. రైలు వంతెన మీద చక్రాల మోత, రాతి పలకల మీద సూట్‌కేసులు ఈడుస్తున్న చప్పుడు, ఎవడో వాయిస్తున్న అకార్డియన్, చర్చి మూల తిరగ్గానే మొహానికి కొట్టే గాలి. "గాలి ఇక్కడ విరుగుతోందంటే గోడ చాలా పైదాకా ఉంది" అన్నాడు. నేను మీటర్లలో చెప్పిన ఎత్తుని ఆయన చెంపతో కొలుచుకున్నాడు.

ఆ చర్చి దగ్గరే దాని కంచు నమూనా ఉంది, చేతులతో తడిమి చూసేందుకు. ఇలాంటివి జర్మనీలో చాలా ఊళ్ళలో కనిపిస్తాయి. ఎగ్బర్ట్ బ్రోర్కెన్ అనే శిల్పి ఊరి నడిబొడ్డునంతా, సందులూ గోపురాలతో సహా, కంచులో పోసి పెట్టాడు, బ్రెయిలీ అక్షరాలతో. నాన్న నమూనా చుట్టూ ఇరవై నిమిషాలు తిరిగాడు. గోడల్ని బయటి నుంచి ఆనించి పట్టే రాతి కమానులు వేళ్ళకి తగిలి ఆగిపోయి, "ఇవేంటే, గొంగళిపురుగు కాళ్ళలా?" అన్నాడు. పదేళ్ళుగా ఆ ఊరి పక్కనే ఉంటున్నాను, అవి అంతమందంగా, అన్ని వరసల్లో ఉంటాయని నేను ఏనాడూ గమనించలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే కొలబద్ద. ఒక ఊరు నాన్నతో నేరుగా మాట్లాడుతోందా, లేక నేను మధ్యలో దుబాసీగా ఉండాల్సి వస్తోందా? నేరుగా మాట్లాడే చోట నేను ఆయన కూతుర్ని. దుబాసీ పని పడ్డ చోట ఇద్దరం సాయంత్రానికి అలిసిపోయి ఒకరి మీద ఒకరం చిరాకు పడ్డాం.

డబ్బు సంగతి చెబుతాను. యూరో నోట్లు అయిదు 120 మిల్లీమీటర్ల పొడవు, 62 వెడల్పు. పది 127, 67. ఇరవై 133, 72. పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి. నాణేల్లో ఒకదాని నుంచి తర్వాతి దానికి అంచు మారుతుంది, ఇరవై సెంట్ల దానికి చుట్టూ ఏడు నొక్కులుంటాయి. ఈ డబ్బు తయారుచేసేటప్పుడు చూపు లేనివాళ్ళ సంఘాన్ని కూర్చోబెట్టి అడిగారు. అందుకే అలా వచ్చింది. నాన్న రెండో రోజుకే బేకరీలో రొట్టె కొని చిల్లర లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు. మన కొత్త వంద, రెండొందలు, అయిదొందలు మూడూ 66 మిల్లీమీటర్ల వెడల్పే, పొడవులో తేడా నాలుగేసి మిల్లీమీటర్లు. నోట్ల రద్దు తర్వాత ఒక సాయంత్రం మా నాన్న కూరగాయల బండి దగ్గర వంద అనుకుని అయిదొందలు ఇచ్చి ఇంటికొచ్చాడు. నలభై ఏళ్ళు తన డబ్బు తనే లెక్కపెట్టుకున్న మనిషి ఆ తర్వాత పర్సు అమ్మ చేతికిచ్చేశాడు. ఆ బేకరీ ముందు నేనెందుకు ఏడ్చానో మీకు అర్థమవుతుందనుకుంటా.

అక్కడ అంతా బాగుందని చెప్పను. ఫుట్‌పాత్ మధ్యలో ఎవరో పడేసిపోయిన, నిలబడి నడిపే అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్ తగిలి నాన్న మోకాలు వాచింది. తెల్లకర్ర కింద వెతుక్కుంటూ వెళ్తుంది, స్కూటర్ హ్యాండిల్ నడుము ఎత్తులో ఉంటుంది. కర్ర చక్రం పక్క నుంచి పోయింది, మనిషి పడ్డాడు. పారిస్ వాళ్ళు 2023లో ఓటింగ్ పెట్టి మరీ అద్దె స్కూటర్లని ఊళ్ళోంచి తీసేశారు. ఇంకా ఉంచుకున్న ఊళ్ళు ఎప్పుడు తీసేస్తాయో.

ఆ వాపుకి మాత్రలు కొనడానికి మందుల షాపుకి వెళ్తే డబ్బా నాన్న చేతికిచ్చారు. వేలు అలా పోనిచ్చి, "ఐబూప్రోఫెన్, నాలుగొందలు" అని చదివేశాడు! డబ్బా మీద మందు పేరు బ్రెయిలీలో ఉండాలని యూరోపియన్ యూనియన్ 2004లోనే చట్టం చేసింది. మా ఇంట్లో మాత్రల డబ్బాలకి అమ్మ రబ్బరు బ్యాండ్లు చుడుతుంది, బీపీకి ఒకటి, షుగరుకి రెండు. ఒకసారి బ్యాండు ఊడిపోయి రెండు రోజులు తప్పు మాత్ర వేసుకున్నాడు. అట్ట మీద ఆరేడు అక్షరాల చుక్కలు నొక్కి ఉంటే చాలు, ఆ రెండు రోజులు ఉండేవి కావు.

విమానాశ్రయం గురించి రాయకపోతే నిద్రపట్టదు. ఎక్కడని చెప్పను. సాయం కావాలని 48 గంటల ముందే రాశాం. వీల్‌చైర్ తీసుకొచ్చారు. "నాకు కాళ్ళు బాగానే ఉన్నాయి, మీ మోచెయ్యి ఇస్తే నడుస్తాను" అని నాన్న ఇంగ్లీషులో చక్కగా చెప్పాడు. ఆ మనిషి నావైపు తిరిగి, "కూర్చోమని చెప్పండి" అన్నాడు. యూరప్‌లో 2006 నుంచి ఉన్న 1107 నంబరు చట్టం ప్రయాణికుడి అవసరానికి తగ్గ సాయం ఉచితంగా చెయ్యాలంటుంది. అవసరమేంటో ప్రయాణికుడే చెబుతుంటే వినలేదు. విమానం పోతుందేమోనని నేను కూడా "కూర్చో నాన్నా" అన్నాను. కూర్చున్నాడు. గేటు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ "కూర్చో" నేను అనకుండా ఉండాల్సింది.

బెర్లిన్‌లో హకెషర్ మార్క్ట్ దగ్గర ఒక పాత ఇంటి పెరట్లో ఓటో వైట్ వర్క్‌షాపు ఉంది. నాజీల కాలంలో ఆయన చీపుర్లు, బ్రష్షులు చేయించేవాడు. పనివాళ్ళలో చాలామంది యూదులు, చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు. వైట్‌కే చూపు దాదాపు పోయింది. వీళ్ళు లేకపోతే పని సాగదని చెప్పి, లంచాలిచ్చి, చేతనైనంతమందిని కాపాడాడు. చివర కిటికీ లేని ఒక గది, దాని గుమ్మానికి అడ్డంగా బీరువా పెట్టి, ఒక కుటుంబంలో నలుగుర్ని అందులో దాచాడు. నాన్న ఆ గదిలో గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. చిన్నప్పుడు అంధుల బడిలో ఆయనకి కుర్చీలు అల్లడం నేర్పారు. అది ఆయనకి నచ్చిన పని కాదు, "కనపడనోడికి ఇంతకన్నా ఏముంటుంది" అని నేర్పిన పని. బయటికొచ్చాక, "మేం అల్లింది బతుకుతెరువుకి. వీళ్ళు ప్రాణాలకి అల్లారమ్మా" అన్నాడు. ఇంకేం అనలేదు.

ప్రాగ్. అసలు ఈ పోస్టు ప్రాగ్ కోసమే రాయాలి. అక్కడి రోడ్లు నాన్నకి నరకం, చిన్న చిన్న రాళ్ళు పేర్చిన కాలిబాటలు, ప్రతి సందులో కర్ర మొన ఇరుక్కుంటుంది. కొలోన్‌లో కొన్న గుండ్రంగా తిరిగే మొన తగిలిస్తే కొంత నయం. కానీ ట్రామ్ స్టాపులో ఒక సంగతి జరిగింది. మా పక్కన తెల్లకర్ర పట్టుకున్న ఒకావిడ జేబులో ఏదో నొక్కింది. వచ్చి ఆగిన ట్రామ్ బయటివైపు స్పీకరులోంచి తన నంబరూ ఎటు వెళ్తుందో చెప్పింది. ఆవిడ ఇంకో బటన్ నొక్కింది, చూపులేని మనిషి ఎక్కుతోందని డ్రైవరుకి తెలిసింది, ఆగాడు, ఆవిడ ఎక్కి వెళ్ళిపోయింది. ఎవర్నీ ఒక్క మాట అడగలేదు.

నాన్నకి చెక్ భాష రాదు. కానీ జరిగింది మొత్తం అర్థమైంది. "మళ్ళీ ఎవరైనా వస్తారేమో చూద్దాం" అని ఆ స్టాపులో అరగంట నిలబెట్టాడు నన్ను. ముప్పై నాలుగేళ్ళు ఆయన రాజమండ్రి బస్టాపులో "ఏ బస్సు బాబూ ఇది?" అని అడుగుతూనే బ్యాంకుకి వెళ్ళాడు. చెప్పినవాళ్ళున్నారు, విసుక్కున్నవాళ్ళున్నారు, సరదాకి తప్పు బస్సు ఎక్కించిన కుర్రాళ్ళున్నారు. రోజుకి రెండుసార్లు చొప్పున, ఉద్యోగం పొడుగునా, తన ప్రయాణాన్ని ఎవరి దయకో వదిలి ఎక్కిన మనిషి. బస్సు తన పేరు తనే చెబితే ఎలా ఉంటుందో అరవై ఎనిమిదో ఏట విన్నాడు. ఆ రిమోటు ఆ దేశమంతా పనిచేస్తుందట. రాకెట్లు పంపుతున్న దేశం మనది, మన ఆర్టీసీ బస్సు తన నంబరు తను చెప్పలేదా?

వియన్నాలో వాన, నాన్నకి జలుబు. గదిలోనే ఉండిపోయాం.

పారిస్‌లో ఈఫిల్ టవర్‌కి తీసుకెళ్దామనుకున్నాను. నాన్న ఒకటే అడిగాడు, "కుప్‌వ్రే ఎంత దూరం?" లూయీ బ్రెయిల్ పుట్టిన ఊరు. గార్ ద లెస్ట్‌లో లోకల్ రైలెక్కి ఎస్బ్లీలో దిగితే అక్కణ్నుంచి దగ్గరే. ఇంకో సంగతి, అది డిస్నీలాండ్ పక్కనే. ఏటా ఎన్ని తెలుగు కుటుంబాలు డిస్నీలాండ్‌కి వెళ్తాయో నాకు తెలుసు, నేనే రెండుసార్లు వెళ్ళాను. ఆ పక్క ఊళ్ళో ఎవరి ఇల్లుందో తెలియకుండానే తిరిగొచ్చాను.

లూయీ తండ్రి గుర్రపు జీన్లు కుట్టేవాడు. మూడేళ్ళ పిల్లాడు తోలుకి బెజ్జం పెట్టే పనిముట్టుతో ఆడుకుంటుంటే అది కంట్లో దిగింది, 1812లో. పదేళ్ళకి పారిస్ అంధుల బడికి పంపారు. పదిహేనేళ్ళొచ్చేసరికి ఆరు చుక్కల లిపి తయారుచేశాడు. 1852లో, నలభై మూడేళ్ళకే క్షయతో పోయాడు. సరిగ్గా వందేళ్ళకి దేశం ఆయన అవశేషాల్ని సమాధిలోంచి తీసి పారిస్ పాంథియోన్‌లో గొప్పవాళ్ళ సరసన చేర్చింది. ఊరివాళ్ళు మాత్రం చేతుల్ని ఇవ్వలేదు. ఆ చేతులు ఇప్పటికీ కుప్‌వ్రే శ్మశానంలో, సమాధి మీది చిన్న పాత్రలో ఉన్నాయి.

నాన్న తెలుగు చదివింది ఆ ఆరు చుక్కల్లోనే. 'క'కీ ఇంగ్లీషు 'కె'కీ చుక్కలు ఒకటే, అందుకే ఆయన కొలోన్‌లో కంచు మీది పేరు చదవగలిగాడు, మందు డబ్బా చదవగలిగాడు. సమాధి దగ్గర నేను ఏమీ వర్ణించలేదు. పక్కన నిలబడ్డాను. ఆయన రాయి తడిమాడు, పాత్ర తడిమాడు, తర్వాత రెండు చేతులూ దాని మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

మన ఇళ్ళలో కొన్ని అలవాట్లున్నాయి, దయచేసి మానండి. చూపులేని మనిషి ఎదుట నిలబడి గొంతు మార్చి "నేనెవరో చెప్పుకో చూద్దాం పెదనాన్నా" అనకండి. పేరు చెప్పి పలకరించండి. చెయ్యి పట్టి లాక్కెళ్ళకండి, మీ మోచెయ్యి ఇవ్వండి, పట్టుకోవాలో వద్దో ఆయన చూసుకుంటాడు. గదిలోంచి వెళ్ళిపోతుంటే చెప్పి వెళ్ళండి, ఖాళీ కుర్చీతో ఆయన మాట్లాడుతూ ఉండిపోకుండా. ఏం తింటాడో ఆయన్నే అడగండి. ఆయనకేం కనపడుతుందని ఖర్చు అన్న ఆ బంధువుకి కూడా ఇదే నా మాట. ఏం కనపడిందో నాన్నకే ఫోన్ చేసి అడుగు. ఒక పూట పడుతుంది ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి.

తిరుగు రైల్లో నాన్న సంచిలోంచి బ్రెయిలీ స్లేటు, స్టైలస్ తీశాడు. మందపాటి కాగితం బిగించి కుడి నుంచి ఎడమకి టక టకా గుచ్చుతూ పారిస్ వచ్చేదాకా రాశాడు. అంధుల బడిలో తనతో చదివిన స్నేహితుడికట, కాకినాడలో ఉంటాడు. మర్నాడు పోస్టాఫీసులో ఇచ్చాం. చూపులేనివాళ్ళ ఉత్తరాలకి స్టాంపు అక్కర్లేదు, ఫ్రాన్స్ నుంచి కాకినాడ దాకా ఉచితమే.

కవరులో పెట్టే ముందు ఆ కాగితం ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. నిండా చుక్కలు. నాకు బ్రెయిలీ రాదు, నలభై ఏళ్ళొచ్చినా నేర్చుకోలేదు.

"ఏం రాశావు నాన్నా?"

"అది వాడికి రాశానమ్మా" అన్నాడు.