క్యోటో ఆశ, మన ఊరి బోర్డు

పెన్షన్ డబ్బు కోసం బ్యాంకుకు వెళ్లిన రిటైర్డ్ మాస్టారి సంతకం కలవడం లేదంటారు కౌంటర్లో. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన చెయ్యి అది. ఇప్పుడు మొదటి అక్షరం బాగానే పడుతుంది, చివరికొచ్చేసరికి చీమంతవుతుంది. పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు కొన్ని ఇళ్లలో ఇలాగే, వణుకు కంటే ముందే బయటపడుతుంది. మెదడు లోపల కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు అప్పటికే చాలావరకు చచ్చిపోయి ఉంటాయి.

దీనికి 1960ల నుంచీ ప్రధాన మందు లెవోడోపా. ఆయుర్వేదం కంపవాతానికి వాడిన దూలగొండి గింజల్లో ఉన్నదీ అదే. మాత్ర పనిచేస్తున్నంతసేపూ రోగి ‘ఆన్’, ప్రభావం దిగిపోతే ‘ఆఫ్’. ఏళ్లు గడిచేకొద్దీ ‘ఆన్’ గంటలు కరిగిపోతాయి. పెసరట్టుకూ మాత్రకూ మధ్య కనీసం అరగంట ఎడం ఉండాలి, ప్రొటీన్ మందుకు అడ్డుపడుతుంది కాబట్టి. ఇంటిల్లిపాదీ గడియారం చూసుకుంటూ బతుకుతున్న చోట ‘స్టెమ్ సెల్’ (వేరే రకం కణాలుగా మారగల మూలకణం) అనే మాట చెవిన పడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది.

ఆ ఆశ ఉత్తది కాదు. 1987లోనే స్వీడన్‌లోని లుండ్‌లో పిండ కణజాలాన్ని రోగి మెదడులో నాటి చూశారు. అమెరికాలో కొందరికి నిజంగా నాటి, మరికొందరికి పుర్రెకు రంధ్రం మాత్రమే చేసి పోల్చారు. 2001లో వెలువడిన ఆ ఫలితాలు నిరాశపరిచాయి. నాటినవారిలో కొందరికి అదుపులేని కదలికలు కొత్తగా మొదలయ్యాయి.

క్యోటో విశ్వవిద్యాలయం వేరే దారి పట్టింది. జపాన్ శాస్త్రవేత్త యమనకకు 2012లో నోబెల్ తెచ్చిన పద్ధతిలో దాత కణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి డోపమైన్ కణాలు కాబోయే వాటిని పెంచి, 2018 నుంచి ఏడుగురి మెదడులో రెండు వైపులా నాటింది. 2025 ఏప్రిల్‌లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్లలో తీవ్రమైన దుష్ప్రభావం గానీ, కణితి గానీ కనిపించలేదు. చికిత్స ఎంత పనిచేసిందో అంచనా వేసింది ఆరుగురిలోనే; మందు ఆపి పరీక్షించినప్పుడు వారిలో నలుగురి కదలికలు మెరుగుపడ్డాయి. సంతోషమే. కానీ పోల్చడానికి ఉత్తుత్తి ఆపరేషన్ చేసిన బృందం లేదు. నమ్మకం ఒక్కటే కొంత మేలు చేయగల జబ్బు ఇది. అందుకే అమెరికాలో ఇలాంటి మరో మూలకణ చికిత్సకు మొదలైన మూడో దశ ట్రయల్‌లో (రోగులపై చేసే పరీక్షలో) అలాంటి బృందాన్ని పెట్టారు. ఫలితం వచ్చాకే అసలు సంగతి తేలుతుంది.

మన ఊళ్లలో ‘స్టెమ్ సెల్ చికిత్స’ అని బోర్డు కట్టుకున్న క్లినిక్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ రోగి ఎముక మజ్జ నుంచో, పొట్ట కొవ్వు నుంచో కణాలు తీసి రక్తనాళంలోకో వెన్నులోకో ఎక్కిస్తారు. రక్తనాళంలోకి ఎక్కించినవి ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి. అవి మెదడుకు చేరి డోపమైన్ కణాలుగా మారతాయనడానికి ఆధారం లేదు. గోడ మీద మాత్రం జపాన్ వార్త క్లిప్పింగ్ ఫ్రేమ్ కట్టి ఉంటుంది! కూతురి పెళ్లికి దాచిన సొమ్మో, ఎకరం పొలమో ఆ ఫ్రేమ్ చూసే చేతులు మారుతుంది.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధుల్లో చేసే మజ్జ మార్పిడి లాంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మిగతా స్టెమ్ సెల్ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్‌లో చేరినందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అంటే బిల్లు చేతికిచ్చారంటేనే అనుమానించాలి. మెదడు జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ ప్రకటనలు ఆగలేదు. ఇప్పుడు ఫోన్లోకీ వచ్చాయి.

మోసపోయిన కుటుంబం ఫిర్యాదు చేయదు. డబ్బుతో పాటు పరువూ పోయిందని ఊరుకుంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య మండళ్లూ, ఔషధ నియంత్రణ అధికారులూ ఆ కాగితం కోసం కూర్చోవడం వింతగా ఉంది. బోర్డులు మెయిన్ రోడ్డు మీదే ఉన్నాయి, మీద ఫోన్ నంబరుతో సహా. ఏ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదయ్యారో నంబరు చూపించమని ఒక్కో క్లినిక్‌కూ నోటీసు పంపడానికి ఎంత టైమ్ పడుతుంది?