లక్కీ డిప్పులో అక్షరాభ్యాసం

అమెరికాలో ఉంటున్న మనవాళ్ల కోసం పంచాంగకర్తలు ఇకనుంచి ఇంకో గడి గీయాలి. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం... ఆ పక్కనే వెయిట్‌లిస్ట్ నంబరు. చార్టర్ స్కూళ్లు చాలాచోట్ల సీట్లకు లాటరీ తీసేది ఇంచుమించు ఉగాది రోజుల్లోనే మరి.

చార్టర్ స్కూలంటే ప్రభుత్వ డబ్బుతో, ఫీజు లేకుండా, సొంత పెత్తనం మీద నడిచే బడి. 1991లో మిన్నెసోటా దీనికి తొలి చట్టం చేసింది. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే చీటీలు తీయాల్సిందేనని ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులకు షరతు. తిరుమల ఆర్జిత సేవల లక్కీ డిప్ లాంటిదే. కాకపోతే సుప్రభాతం టికెట్ తగలకపోతే మరో నెల వేసుకోవచ్చు, పిల్లాడికి అయిదేళ్లు మళ్లీ రావు.

ఇంతకు మించిన సమన్యాయం ఎక్కడుంటుంది? డాక్టరు బిడ్డా, డ్రైవరు బిడ్డా ఒకే డబ్బాలో చీటీలు. అయితే డబ్బా ఊపకముందే కొందరు లోపలికి వెళ్లిపోతారు. ముందుగా అక్కడ ఇప్పటికే చదువుతున్నవాళ్ల తోబుట్టువులు. ఇన్నాళ్లూ మన ఇళ్లలో పెద్దకొడుక్కి తలకొరివి బాధ్యత ఒక్కటే ఉండేది, ఇప్పుడు చెల్లెలి అడ్మిషన్ కూడా వాడి నెత్తినే. కవలలైతే చాలా స్కూళ్లలో ఒకరి చీటీ తగిలితే చాలు, రెండోవారూ లోపలే. ఒక్క బిడ్డ చాలనుకున్న దంపతులు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాల్సింది. ఆ తర్వాత టీచర్ల పిల్లలు, స్కూలు పెట్టినవాళ్ల పిల్లలు.

ఇక కోర్టులు. చీటీ ఎలా తీశారు, ఎవరిని ముందు పంపారు అనే విషయంలో అక్కడి న్యాయవ్యవస్థ ఓపిక చూసి తీరాలి. న్యూజెర్సీలోని రెడ్ బ్యాంక్‌లో, చార్టర్ స్కూలు వల్ల మిగతా బడుల్లో జాతుల సమతూకం చెడుతోందని స్థానిక స్కూల్ బోర్డు కోర్టుకెక్కింది. 2004లో అప్పీలు కోర్టు స్కూలును నడుపుకోనిచ్చింది గానీ, చేర్చుకునే పద్ధతుల సంగతి విచారించమంది. 2007లో సియాటిల్ కేసులో, సీటుకి పోటీ వచ్చినప్పుడు పిల్లల రంగు చూసి తేల్చకూడదని సుప్రీంకోర్టు 5-4తో చెప్పింది. అది చార్టర్ స్కూళ్ల కేసు కాకపోయినా అందరికీ పాఠమైంది. రంగు చూడకూడదు సరే, ఆదాయం చూడొచ్చు కదా! కొన్ని స్కూళ్లలో పేదింటి పిల్లల చీటీకి ఇప్పుడు బరువు ఎక్కువ, అంటే తగిలే అవకాశం ఎక్కువ. అదృష్టానికి కూడా రిజర్వేషన్ పెట్టిన ఆ మేధస్సుకి చేతులెత్తి మొక్కాలి.

అన్నిటికన్నా నాకు నచ్చింది బోస్టన్ కేసు. లాటరీ తగలని అయిదుగురు పిల్లలు 2015లో పెద్దలకు తోచని ప్రశ్న అడిగారు. చీటీలు సరిగ్గా తీశారా అని కాదు, అసలు తీయాల్సిన అవసరం ఎందుకొచ్చింది, చార్టర్ స్కూళ్ల సంఖ్యకు పరిమితి ఎందుకు పెట్టారు అని. మర్యాద తెలియని పిల్లలు! మరుసటి ఏడాది బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్ర ఓటర్లే ఆ పరిమితి పెంచడానికి ఒప్పుకోలేదు. 2018లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా, చదువు చెప్పించే బాధ్యత రాష్ట్రానిదే గానీ ఫలానా రకం బడిలోనే సీటివ్వాలని రాజ్యాంగంలో లేదంటూ కేసు కొట్టేసింది. అప్పటికి ఆ పిల్లలు మూడు క్లాసులు పైకి వెళ్లిపోయి ఉంటారు.

కాబట్టి సీటు కోసం తిరిగే తల్లిదండ్రులకు నా ఉచిత సలహా. కేసులు వేయకండి, ఫ్లోరిడా వెళ్లండి. అక్కడ ఒక కంపెనీ చార్టర్ స్కూలుతో చేతులు కలిపితే, ఆ కంపెనీ ఉద్యోగుల పిల్లలకు ముందు వరస ఇవ్వొచ్చని చట్టంలోనే ఉంది. ఉద్యోగం మారడం కుదరదంటే ఇంకా తేలిక దారి ఉంది: స్కూలే పెట్టేయండి. స్థాపకుల పిల్లలకి లాటరీ టెన్షన్ లేదు. అనుమతులు, భవనం, బోర్డు, టీచర్లు, లెక్కలు అన్నీ చూసుకునేసరికి మీవాడు డిగ్రీ చదువుతుండొచ్చు, కానీ కిండర్‌గార్టెన్‌లో వాడి సీటు మాత్రం ఖాయం.