గుర్రాలు, బాయ్‌నెట్లు, మా ఇంటి రోలు

2012 అక్టోబరు 22, సోమవారం. మనకు దుర్గాష్టమి. అమెరికాకు మాత్రం అధ్యక్ష పదవికి పోటీ పడుతున్న ఒబామా, రామ్నీల మూడో చర్చ. రాత్రి తొమ్మిదింటికి, ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో, విదేశాంగ విధానం మీద. న్యూజెర్సీలోని మా ఇంట్లో ఈ రెండూ ఒకే హాల్లో జరిగాయి. బొమ్మల కొలువుకు ఒక గోడ కావాలి, టీవీకి ఒక గోడ కావాలి, మాకున్న ఖాళీ గోడ ఒక్కటే. కాబట్టి దశావతారాల వరసలో కల్కి తరవాత టీవీ వచ్చింది.

పేరంటం ఏడింటికే ముగియాలి. పనిరోజు కావడంతో ఆడవాళ్లు ఎనిమిదింటికి రావడం మొదలుపెట్టారు. వాళ్లను దింపడానికి వచ్చిన మగవాళ్లు చర్చ ఉందని ఉండిపోయారు. మామగారితో కలిపి సోఫాల్లో ఏడుగురం తేలాం. అందులో ఓటున్నది ఒకాయనకే. మిగతావాళ్లవి వీసాలు, మామగారిది ఆరు నెలల బస. ఆ ఒక్క ఓటూ న్యూజెర్సీది. ఫలితం ఎటు మొగ్గుతుందో తెలియని ఒహాయో లాంటి రాష్ట్రంలో తేలుతుంది గాని ఇక్కడ కాదని అందరికీ తెలుసు. అయినా అమెరికా రక్షణ బడ్జెట్ మీద ఆ రాత్రి మా హాల్లో జరిగినంత వాదన బోకా రాటన్‌లో జరగలేదు.

మొదట్లోనే రామ్నీ ఉత్తర మాలి అల్‌ఖైదా తరహా మనుషుల చేతిలోకి పోయిందన్నాడు. కాసేపటికి మాలి మళ్లీ వచ్చింది. మామగారు నా వైపు వంగారు. "అల్లుడుగారూ, ఎవరీ మాలి? ఇద్దరూ తెగ బెంగపడుతున్నారు, వైట్‌హౌస్ తోట చూసే ఆయనా?"

నేను ఆఫ్రికా పటం వివరించేలోగా వంటింట్లో మిక్సీ మోగింది. ఊరి నుంచి తెచ్చుకున్న మిక్సీ అది, 220 వోల్టులది. ఇక్కడి కరెంటు 110. మధ్యలో ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కూర్చుంటుంది. ఆ రెండూ కలిసి చేసే చప్పుడులో అమెరికా అధ్యక్షుడైనా మూగవాడే. 1976లో ఫోర్డ్, కార్టర్‌ల తొలి చర్చలో శబ్దం పోయి, ఇద్దరూ ఇరవై ఏడు నిమిషాలు వేదిక మీద గుంజల్లా నిలబడ్డారట. మా ఇంట్లో అది దఫదఫాలుగా జరిగింది. అల్లం పచ్చడికి అల్లం, కొబ్బరి పచ్చడికి కొబ్బరి. "కాస్త ఆపుతావా, ప్రపంచశాంతి మాట్లాడుతున్నారు" అని కేకేశాను. మిక్సీ ఆగింది. అప్పటికి వాళ్లు విదేశాంగం వదిలేసి బడిపిల్లలు, పంతుళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఎంత తిప్పినా సొంత ఊరి గొడవకే వచ్చే చుట్టాలు మనకూ లేకపోలేదు.

అసలు కథ నౌకాదళం దగ్గర మొదలైంది. 1917 తరవాత మన నౌకాదళం ఇంత చిన్నదిగా ఎప్పుడూ లేదన్నాడు రామ్నీ. 313 ఓడలు కావాలని నౌకాదళమే చెప్పిందట, ఉన్నవి 285 కూడా లేవట. దేశ ఉత్పత్తిలో నాలుగు శాతం రక్షణకు ఇవ్వాలన్నది ఆయన వాదం. సైన్యం అడగని రెండు ట్రిలియన్ డాలర్లు ఎందుకన్నది ఒబామా ప్రశ్న.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఏమండీ, స్టీలు పళ్లేలు ముప్పై ఒకటి కావాలి, ఇరవై ఎనిమిదే ఉన్నాయి. మనం కాపురం పెట్టాక ఇంత తక్కువ ఎప్పుడూ లేవు." కారణం నాకు తెలుసు. మైసూరుపాకు పెట్టి పంపిన పళ్లేలు ఏ ఇంటికి పోయాయో ఆ ఇంట్లోనే స్థిరపడిపోయాయి. నేనిప్పుడే వస్తానని చెయ్యి ఊపి టీవీ వైపు తిరిగాను.

అక్కడ ఒబామా అందుకున్నాడు. గుర్రాలు, బాయ్‌నెట్లు (తుపాకీ కొసన బిగించే కత్తులు) కూడా తగ్గాయి కదా, సైన్యం తీరే మారింది మరి అన్నాడు. విమానవాహక నౌకలని ఉన్నాయి, వాటి మీద విమానాలు దిగుతాయి, నీళ్ల కింద పోయే ఓడలున్నాయి, అవి అణు జలాంతర్గాములు అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. హాల్లో చప్పట్లు. మామగారు ఒక్కరే టీవీని వదిలి పక్కనున్న కల్కి బొమ్మను చూస్తున్నారు. "రాబోయే అవతారమే గుర్రమెక్కి కత్తి పట్టుకుని వస్తుంటే, ఈయన పాతబడిపోయాయంటాడేమిటి?"

ఆ చప్పట్ల వేడిలో నాకు నోరు దురద పుట్టింది. మా ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది. "పళ్లేలే కాదు, మనింట్లో రోళ్లూ తిరగళ్లూ కూడా తగ్గాయి. వంటిల్లు తీరు మారిందోయ్. మిక్సీ అని ఒకటుంది, అందులో కొబ్బరి వేస్తే పచ్చడి వస్తుంది. కాగితం పళ్లేలని ఉన్నాయి, వాటిని కడగనక్కర్లేదు" అన్నాను, అదే గొంతుతో, అంతే నెమ్మదిగా.

మగవాళ్లు పగలబడి నవ్వారు. ఆడవాళ్లు నవ్వలేదు. మా ఆవిడ మాత్రం చిన్నగా నవ్వి లోపలికి వెళ్లింది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆ నవ్వు అర్థం నాకు తెలిసి ఉండాల్సింది. ఒబామా ఎదుట కూర్చున్నది రామ్నీ. చర్చ అయ్యాక ఎవరింటికి వాళ్లు పోతారు. నాకు ఆ వెసులుబాటు లేదు.

పది నిమిషాల్లో వంటింట్లోంచి ఒక మూలుగు, వెంటనే కాలిన రబ్బరు వాసన. మిక్సీ పోయింది, వెళ్తూ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోయింది. కొబ్బరి సగం చిప్పల్లోనే ఉంది, గారెలు చల్లారుతున్నాయి.

మా అత్తగారు క్రితంసారి వచ్చినప్పుడు పెట్టెలో ఒక చిన్న రాతి రోలు తెచ్చారు. పెట్టెకు ఇరవై మూడు కిలోల పరిమితి అయితే అందులో తొమ్మిది రోలే మింగింది, దాని కోసం ఆవకాయ జాడీ హైదరాబాదు విమానాశ్రయంలోనే ఆగిపోయింది. "వంటిల్లు అడగని ఖర్చు" అని అప్పట్లో నేను చాలా రోజులు గొణిగాను. అప్పటి నుంచి అది గరాజ్ తలుపు మూసుకోకుండా కాపలా కాస్తోంది. మా ఆవిడ దాన్ని కడిగించి, సోఫాకూ టీవీకీ మధ్య పాత పేపరు పరిచి పెట్టించింది. పచ్చడి బండ నా చేతికిచ్చి, "ఇదే మన గుర్రం, ఎక్కండి" అంది. ఈసారి నవ్వినవాళ్లు ఆడవాళ్లు.

డ్రోన్ల విషయంలో ఒబామాను పూర్తిగా సమర్థిస్తున్నానని రామ్నీ చెబుతున్నప్పుడు నేను మూడో చిప్పలో ఉన్నాను. రోటి దగ్గర కూర్చున్నవాడికి రెండు పార్టీల విధానమూ ఒకటే.

"రోట్లో తల దూర్చి రోకటి పోటుకు వెరవనేల" అన్నారు మామగారు. పచ్చడి మాత్రం రెండోసారి వేయించుకున్నారు.

మెరీన్ దళాలకు ఇప్పటికీ బాయ్‌నెట్ శిక్షణ ఉందని మర్నాడే వార్తల్లో వచ్చింది. మా ఆవిడ దాన్ని నాకు గట్టిగా చదివి వినిపించింది, రెండుసార్లు. కొత్త మిక్సీ కొంటానన్నాను. తొందరేం లేదంది.

నిజంగానే తొందర లేకపోయింది. సరిగ్గా వారానికి, 29వ తేదీ రాత్రి, శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకింది. కరెంటు పోయి రోజుల తరబడి రాలేదు. ఎవరింట్లో మిక్సీలు వాళ్లింట్లోనే బొమ్మల్లా కూర్చున్నాయి. పెట్రోలుకు మైలు పొడవు వరస. మూడో తేదీ నుంచి కారు నంబరు సరా బేసా చూసి పోస్తామన్నారు. నాది సరి సంఖ్య, నాకు గుర్తొచ్చే రోజు ఎప్పుడూ బేసి. తెలిసినవాళ్లవన్నీ కరెంటు పొయ్యిలు. మాది గ్యాసు, అగ్గిపుల్ల గీస్తే వెలుగుతుంది. దాంతో రెండో రోజు నుంచి పిల్లాజెల్లాతో అందరూ మా ఇంటికే. అందరికీ అన్నం, పప్పు, రోటి పచ్చడి. నూరే ఉద్యోగం నాకు పర్మనెంటయింది.

కొట్లు మూసేశారు కాబట్టి కాగితం పళ్లేలు దొరకలేదు. కొవ్వొత్తి వెలుగులో మా ఆవిడ తలలు లెక్కపెట్టింది. ముప్పై ఒకటి.

"ఇరవై ఎనిమిది పళ్లేలే ఉన్నాయి. ముగ్గురు ఆగాలి" అని ప్రకటించింది. ఒకరు నేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.