‘గద్దల సమాధి’: పేరు పెట్టడంలో తొందర

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో, సౌత్ రొనాల్డ్‌సే సముద్రపు అంచున ఒక రాతి సమాధి ఉంది. 1958లో బండల కోసం తవ్వుకుంటున్న ఒక రైతుకు దొరికింది. లోపల దాదాపు 16,000 మనిషి ఎముకలు, వాటి మధ్య తెల్లతోక సముద్రపు గద్దల ఎముకలు, గోళ్లు. ఇంకేం, ‘గద్దల సమాధి’ అన్న పేరు స్థిరపడింది. పేరు వెనకే కథ పుట్టింది: కట్టినవాళ్లది గద్ద గుర్తు ఉన్న తెగ, శవాలను పక్షులకు వదిలి ఎముకలే లోపల పెట్టేవారు అని. వినడానికి బాగుంది, పర్యాటకులకూ నచ్చింది.

తర్వాత గద్ద ఎముకలకు, వయసు తేల్చే రేడియో కార్బన్ పరీక్ష చేస్తే క్రీ.పూ. 2450-2050 మధ్యవని తేలింది. సమాధి కట్టిందేమో క్రీ.పూ. 3000 ప్రాంతంలో. కట్టినవాళ్లు పోయిన కొన్ని వందల ఏళ్లకు, బహుశా వెయ్యేళ్లకు, గద్దలు లోపలికి చేరాయన్నమాట. కథ కుప్పకూలినా పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

నాకైతే కూలిన కథ కన్నా ఈ తేదీలే ఆసక్తిగా ఉన్నాయి. అంత కాలం తర్వాత, ఎవరివో తెలియని ఎముకల మధ్యకు గద్దలను ఎవరు తెచ్చారు? ఎందుకు? సమాధి అనగానే ఒకసారి పూడ్చి మూసేసేదని అనుకోవడం దగ్గరే మన పొరపాటు మొదలవుతుంది. ఇలాంటి రాతి సమాధుల్లోకి వెళ్లడానికి దారి ఉంటుంది. మళ్లీ మళ్లీ వెళ్లే పని లేకపోతే దారి ఎందుకు? ఆర్క్‌నీలోనే రౌసే దీవిలోని మిడ్‌హౌ సమాధి లోపల నిలువు పలకలతో 12 అరలు చేసి, కొన్నింట్లో అరుగులు కట్టి శవాలను ఉంచారు. పొరలుగా విడిపోయే స్థానిక రాయి వల్లే ఇంత పొందికైన కట్టడం సాధ్యమైంది.

ఆర్క్‌నీలోని మరో సమాధి మేస్‌హౌదీ అదే తీరు. చలికాలంలో పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో అస్తమించే సూర్యుడి వెలుగు దాని దారిగుండా వెనక గోడను తాకుతుంది. 12వ శతాబ్దంలో అందులోకి చొరబడిన నార్స్ (స్కాండినేవియా మూలాల) మనుషులు గోడల మీద దాదాపు 30 రాతలు చెక్కారు. అందగత్తెల పొగడ్తలు, దాచిన నిధి గురించి గొప్పలు! వాళ్లూ తమ కథ తాము అల్లుకున్నారు. 1861లో పైకప్పు పగలగొట్టుకుని దిగినవాళ్లకు దొరికినవి ఒక పుర్రె ముక్క, కొన్ని గుర్రం ఎముకలు. అయినా దాన్నీ మనం సమాధి అనే పిలుస్తున్నాం.