ఐటీఐలకు కొత్త యంత్రాలు సరే, ఇన్‌స్ట్రక్టర్ల మాటేమిటి?

వెల్డింగ్ షాపులో కుర్రాడు వేసిన బీడ్ (లోహం కరిగి గట్టిపడిన అతుకు గీత) అంచున సన్నని గాడి పడింది. కరెంట్ ఎక్కువైందా, ఆర్క్ (రాడ్ కొనకూ లోహానికీ మధ్య మండే మెరుపు) పొడుగైందా, చెయ్యి తొందరపడిందా? 3.15 మిల్లీమీటర్ల రాడ్‌కు సుమారు 90 నుంచి 130 ఆంపియర్లు పెట్టాలని పుస్తకం చెబుతుంది. ఈ గాడి ఎందుకు పడిందో బీడ్ చూసి ఇన్‌స్ట్రక్టరే చెప్పాలి. చెప్పలేకపోతే కుర్రాడు అదే తప్పు పదిసార్లు చేసి, పని అంటే అదేననుకుంటాడు.

ఇన్‌స్ట్రక్టర్ల అర్హతలు కాగితం మీద బాగానే ఉన్నాయి. డిగ్రీ ఉంటే ఏడాది, డిప్లొమాకు రెండేళ్లు, ఐటీఐ సర్టిఫికెట్‌కు మూడేళ్ల అనుభవం కావాలి. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లుండే చోట ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా, మరొకరు ఐటీఐ చదివినవారై ఉండాలని, ఇద్దరికీ సీఐటీఎస్ (ఇన్‌స్ట్రక్టర్లకిచ్చే బోధన శిక్షణ) సర్టిఫికెట్ ఉండాలని సిలబస్‌లోనే రాశారు. ఈ జోడీ మంచి ఆలోచన. డిప్లొమా వారికి డ్రాయింగ్, లెక్కలు వస్తాయి కానీ ఆకురాయి పట్టిన గంటలు తక్కువ. ఐటీఐ వారికి పని చేతిలో ఉంటుంది, దాన్ని అంచెలుగా విడగొట్టి చెప్పడం దగ్గర తడబడతారు. ఎవరి లోటు వారిదైనప్పుడు ఇద్దరికీ ఒకే శిక్షణ ఎందుకు? చేరిన వారంలోనే ఒక జాబ్ (వర్క్‌షాపులో తయారుచేసే వస్తువు) చేయించి, ఒక పాఠం చెప్పించి చూడాలి. దాన్నిబట్టి ఒకరికి వర్క్‌షాపు గంటలు, మరొకరికి బోధన సాధన పెంచాలి.

ఉద్యోగంలో చేరాక ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాంతో నడిచే సీఎన్‌సీ యంత్రంలో టూల్ ఆఫ్‌సెట్ (టూల్ కొలతల సవరణ అంకె) తప్పు కొడితే టూల్ వెళ్లి, జాబ్‌ను పట్టి ఉంచే చక్‌ను గుద్దుతుంది. రిపేరు ఖర్చు తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో ఇన్‌స్ట్రక్టర్ యంత్రంపై కవరు తీయడు. ఆ భయంలో తప్పులేదు. ముందు సిమ్యులేటర్, తర్వాత జాబ్ బిగించకుండా డ్రై రన్, ఆపైన ప్రోగ్రాంను ఒక్కో బ్లాక్‌గా (ఒక్కో లైనుగా) నడపడం, ఈ వరుసలో చెయ్యి తిరిగేదాకా చేయిస్తే ధైర్యం వస్తుంది. రెండు రోజుల సెమినార్‌తో రాదు. మూడేళ్లకోసారి నెలపాటు ఫ్యాక్టరీలో ఉత్పత్తి పని చేయించాలి. ఆ నెల 20 మంది పిల్లల బ్యాచ్‌ను ఎవరు చూస్తారన్నదే చిక్కు. జిల్లాకు ట్రేడ్‌వారీగా రిజర్వ్ ఇన్‌స్ట్రక్టర్లు లేకపోతే ఏ ప్రిన్సిపలూ పంపలేరు.

2025 మేలో కేంద్రం ఆమోదించిన రూ. 60,000 కోట్ల పథకంలో 1,000 ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణతోపాటు 50,000 మంది శిక్షకుల తర్ఫీదు, హైదరాబాద్ సహా ఐదు ఎన్‌ఎస్‌టీఐల (జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల) అభివృద్ధి ఉన్నాయి. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన శిక్షణ కేంద్రాలుగా మార్చే పని చేపట్టారు. ఈ డబ్బులో రాడ్లకు, ప్లేట్లకు, ఇన్‌సర్ట్‌లకు (టూల్‌కు బిగించే కోత ముక్కలకు) విడిగా కేటాయింపు ఉండాలి. సామగ్రి లేక సాధన ఆగిపోయే శిక్షణకు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. పరీక్ష కూడా మారాలి: చెడిపోయిన ఐదు జాబ్‌లు బల్లమీద పెట్టి, ఏది ఎందుకు చెడిందో చెప్పించి, సరిచేసి చూపమనాలి.