సర్కారు గారిని ఎవరైనా డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించండి

తాగుబోతు మొగుడు, తాగుబోతు బావమరిది, పెళ్లిలో భోజనాల దగ్గర గొడవ పెట్టుకునే చిన్నాన్న... వీళ్ల గురించి మనం ఇప్పటికే చాలా మాట్లాడుకున్నాం. వాళ్లు మారాలని మొక్కులు మొక్కాం, మాలలు వేయించాం, తెలియకుండా మజ్జిగలో పసర్లు కలిపి తాగించాం, పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్లు వేయించుకున్నాం. ఒక పెద్దమనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. వయసు మీద పడింది, పెద్ద కుటుంబం, ఊళ్లో పరపతి, పొద్దున లేస్తే సంక్షేమం తప్ప వేరే మాట ఉండదు. ఆయన చుక్క ముట్టడు. కానీ సాయంత్రానికి ఊళ్లో నలుగురు తాగకపోతే ఆయన చేతులు వణుకుతాయి. ప్రభుత్వం గారి సంగతే నేను చెబుతున్నది.

ఇది వెటకారం కాదండీ, వైద్యం. జబ్బు మనిషి ఇంట్లో ఉంటే ముందు కేస్ హిస్టరీ రాసుకోవాలి కదా, రాద్దాం.

మొదటి ఒట్టు చాలా పాతది, 1950 నాటిది. రాజ్యాంగంలో 47వ అధికరణం ఉంది, మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని అందులో శుభ్రంగా రాసి ఉంది. ప్రయత్నించాలన్నారు గానీ ఎప్పటిలోగా అన్నది రాయలేదు, ఆ సందులోంచే పెద్దాయన ఇన్నాళ్లుగా రాకపోకలు సాగిస్తున్నాడు. ఎనభైల్లో అయితే ఏకంగా వారుణి వాహిని అని పేరు పెట్టి సారాను పాకెట్లలో ఊరూరికీ చేర్చాడు. మంచినీళ్లు చేరని ఊళ్లకు కూడా అది టంచనుగా చేరింది. 1986లో మందు హోల్‌సేల్ వ్యాపారానికి సొంతంగా ఒక బెవరేజెస్ కార్పొరేషన్ కూడా పెట్టుకున్నాడు. ఇక శాఖ సంగతి చెప్పనే అక్కర్లేదు, మద్య నిషేధం, ఆబ్కారీ రెండూ ఒకే శాఖ. అమ్మేదీ ఆపేదీ ఒకే ఆఫీసు, ఒకే సంతకం. మామూలు తాగుబోతుకైనా ఇంట్లో ఆపడానికి వేరే మనిషి ఒకరుంటారు.

తర్వాత ఇంటి ఆడవాళ్లకు ఓపిక పోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు రోశమ్మ లాంటి వాళ్లతో కలిసి సారా కొట్టు మూయించారు. చదువు చెప్పిందీ సర్కారే, మూతపడ్డ కొట్టూ సర్కారుదే, పాపం ఏ చెంప నిమురుకోవాలో ఆయనకు తెలియలేదు. 1992లో ఆ జిల్లాలో సారా వేలం పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు. 1994 డిసెంబర్‌లో ఎన్టీ రామారావు ప్రమాణం చేసిన రోజునే సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమల్లోకి వచ్చింది. వారుణి వాహిని నడిపిందీ నిషేధం తెచ్చిందీ ఒకే చెయ్యి. గతాన్ని సరిదిద్దుకోవడం అంటే ఇంతకంటే ఏం కావాలి, నేను కూడా చప్పట్లు కొట్టేవాణ్ణే, ఆ పక్కనే ఆరోగ్యం పేరు చెప్పుకునేవాళ్లకు పర్మిట్లు ఇవ్వకపోయి ఉంటే, గోదావరి జిల్లాల వాళ్లకు పక్కనే నిషేధం లేని యానాం మీద అంత ప్రేమ పుట్టకపోయి ఉంటే.

మానేసిన మనిషి ఇల్లు గడవాలిగా. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. మందు మానేశాక ఇంట్లో చిరాకు మొదలవడం మనకు తెలిసిందే, ప్రతిదానికీ విసుక్కుంటాడు, అన్నంలో రాయి వచ్చిందంటాడు, చివరికి పెళ్లామే 'పోనీ కాస్త పుచ్చుకోండి' అనే స్థితికి తెస్తాడు. 1997లో కొత్త ముఖ్యమంత్రి హయాంలో నిషేధం ఎత్తేశారు. కారణం ఏం చెప్పారు? కల్తీ, దొంగ రవాణా, ఖజానా. మన చిన్నాన్న కూడా అచ్చం ఇలాగే 'మానేస్తే నిద్ర పట్టట్లేదమ్మా' అనేవాడు.

2014లో అన్నదమ్ములు వేరుపడి రెండు కాపురాలయ్యాయి. ఆస్తుల పంపకం దగ్గర ఎన్ని తగాదాలొచ్చినా ఈ జబ్బు దగ్గర మాత్రం ఏ పేచీ లేకుండా ఇద్దరికీ సమానంగా వచ్చింది. పెద్ద కాపురం ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మళ్లీ ఒట్టు పడింది, ఈసారి దశలవారీగా. దశలవారీగా మానేస్తానన్నవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? రేపటి నుంచి ఒక పెగ్గు తగ్గిస్తానంటాడు, కానీ పెద్ద గ్లాసు కొంటాడు. ఆ అక్టోబర్ నుంచి కొట్లన్నీ ప్రభుత్వమే నడిపింది. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించగానే ధరలు మొత్తం 75 శాతం పెంచారు, తాగేవాడికి షాక్ కొట్టి మానేస్తాడట. విశాఖ జిల్లాలో కొన్నిచోట్ల క్యూలు సర్దడానికి బడి పంతుళ్లను కూడా పంపారు. ఎవరు మానేశారో తెలియదు గానీ, బెవరేజెస్ కార్పొరేషన్ మాత్రం 2022లో 8 వేల కోట్ల పైచిలుకు బాండ్లు అమ్మి అప్పు తెచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. త్వరలో మానేస్తానని పిల్లల మీద ఒట్టేసిన మనిషి, అదే చేత్తో, ఇంకొన్నేళ్లు ఇదే అమ్మి బాకీ తీరుస్తానని అప్పులవాళ్లకు కాగితం రాసిచ్చాడు. రెంటిలో ఏది నిజమైన ఒట్టో అప్పిచ్చినవాడికి తెలుసు, వాడు వడ్డీ కట్టించుకుంటున్నాడు.

2024లో ప్రభుత్వం మారింది, గత తప్పులన్నీ సరిదిద్దుతామన్నారు. సరిదిద్దారు కూడా, 99 రూపాయలకే నాణ్యమైన క్వార్టర్. 3,396 షాపులకు దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి, ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి ఇవ్వరు. షాపు తెరవకుండానే, సీసా మూత తిరగకుండానే 1,800 కోట్లకు కాస్త తక్కువగా వచ్చిపడింది. ఇందులో అవతలి కాపురం అన్నకు పాఠం చెప్పింది, 2023లో తెలంగాణలో 2,620 షాపులకు 1 లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులొచ్చి 2,600 కోట్ల పైన సమకూరింది. గుర్తుపెట్టుకోండి, ఇది మందు అమ్మిన డబ్బు కాదు. మందు అమ్మే అవకాశం వస్తుందేమో అన్న ఆశను అమ్మిన డబ్బు.

బెల్టు షాపుల గురించి రాయాలంటే పేజీ చాలదు. ప్రతి ప్రభుత్వమూ వాటిని ఎత్తేస్తుంది. ఎత్తేసిన మర్నాడు కిరాణా కొట్టులో బియ్యం బస్తా వెనక దొరుకుతాయి.

ఇప్పుడు వైద్యం. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ ఉంది, దానికి పన్నెండు మెట్లు. మొదటి మెట్టు, ఇది నా చేతిలో లేదు అని ఒప్పుకోవడం. పెద్దాయన ఇక్కడే ఆగిపోతాడు, ఎందుకంటే ప్రతి ఐదేళ్లకూ 'అది నేను కాదు, వెనకటాయన' అంటాడు. ఒంట్లో జబ్బు పాతదే, సంతకం మాత్రం కొత్తది. తర్వాత ఒక మెట్టులో తన వల్ల నష్టపోయినవాళ్ల జాబితా రాయాలి. ఈ పని మాత్రం ఆయన చిటికెలో చేస్తాడు, జాబితా ఇప్పటికే ఉంది, ఆధార్‌తో లింకు కూడా అయిపోయింది. అందులో ఒక వరస వితంతు పింఛన్లది. తాగి తాగి లివరు పోయి చచ్చిపోయిన మనిషి ఇరవై ఏళ్లపాటు క్వార్టర్ల మీద కట్టిన పన్నులోంచి, నెల నెలా కొంత అతని భార్యకు ఒకటో తారీఖున వెనక్కి వస్తోంది. ఇంత పద్ధతిగా నష్టపరిహారం ఇచ్చే తాగుబోతును మీరు ఏ ఇంట్లోనూ చూసి ఉండరు.

తాగేవాళ్లంతా రేపు పొద్దున ఒక్కసారిగా మారిపోతే ఏమవుతుందని ఒక అధికారిని అడిగాను. ఆయన ముఖం పాలిపోయింది, అలాంటి అశుభం మాటలు పొద్దుపొద్దున్నే అనకండి అన్నాడు. నిజమే. వీధి చివర మైకులో 'మద్యపానం ఆరోగ్యానికి హానికరం' అని వినిపిస్తుంది, అక్కడే బ్రీత్ అనలైజర్ పట్టుకుని ఒక కానిస్టేబుల్ నిలబడతాడు, మూడు వందల అడుగుల దూరంలో లైసెన్సు షాపులో లైటు వెలుగుతుంది. మైకుకీ, గొట్టానికీ, లైసెన్సుకీ జీతాలు ఒకే జేబులోంచి. ఈ ఏర్పాటులో మానేసే హక్కు ఎవరికీ లేదు, ముఖ్యంగా నీకు లేదు, నువ్వు మానేస్తే ఆ కానిస్టేబుల్ జీతం ఎవరిస్తారు?

సరే, చేర్పిద్దాం అనుకుంటే ఫీజు సమస్య. అదృష్టం కొద్దీ ఏర్పాటు ముందే జరిగిపోయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024 పాలసీతో పాటు డీఅడిక్షన్ కోసమని మద్యం మీద 2 శాతం సెస్సు కూడా వేశారు. ఎంత ఎక్కువ తాగితే వైద్యానికి అంత ఎక్కువ డబ్బు. కాబట్టి పెద్దాయనను ఏసీ గదిలో చేర్పించాలంటే మనవాళ్లు ఈ నెల కాస్త గట్టిగా పుచ్చుకోవాలి, జనరల్ వార్డు చాలనుకుంటే మామూలుగా కానిస్తే సరిపోతుంది. ఏదైనా రాత్రి పదిలోపు చెప్పండి, తర్వాత షాపు కట్టేస్తారు.