సవరణ: బ్లూబెర్రీ క్యాప్సూల్‌తో షుగర్ తగ్గుతుందన్న పోస్టు గురించి

మొన్న మన మారతహళ్లి తెలుగువాళ్ల గ్రూపులో "రోజూ ఒక బ్లూబెర్రీ క్యాప్సూల్ వేసుకుంటే షుగర్ అదుపులోకి వస్తుంది, పరిశోధనలో తేలింది" అని రాశాను. అది తప్పు. సీసా మీది ప్రచారం చూసి రాసేశాను.

2019లో అచ్చయిన ఆ బ్రిటన్ పరిశోధనలో అధిక బరువు, మెటబాలిక్ సిండ్రోమ్ (బొజ్జ, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వు లాంటి సమస్యలు కలిసి ఉండే స్థితి) ఉన్నవాళ్లకు ఆరు నెలల పాటు బ్లూబెర్రీ పొడి ఇచ్చారు. రోజుకు 26 గ్రాములు, అంటే 150 గ్రాముల పండ్లకు సమానం. రక్తనాళాల పనితీరు కొంత మెరుగైంది. ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే షుగర్‌ను అదుపు చేసే ఇన్సులిన్‌కు ఒళ్లు సరిగా స్పందించకపోవడం, మాత్రం మారలేదు, బీపీ కూడా తగ్గలేదు. పైగా ఖర్చులో కొంత అమెరికా బ్లూబెర్రీ పరిశ్రమే పెట్టుకుంది.

మా ఇంట్లో ఉన్న క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాములే. అది మామూలు పొడే అనుకుంటే రోజుకు 52 మింగాలి! ఇక అన్నం మానేయొచ్చు.

పండు తినడానికేం, హాయిగా తినండి. ఆ ముదురు రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడులోనూ ఉన్నాయి, సీజన్‌లో తోపుడుబండి మీద చవగ్గానే దొరుకుతుంది.

"అయితే మెట్‌ఫార్మిన్ మానేయనా?" అని అడిగిన పిన్నిగారూ, ఆ షుగర్ మాత్ర మానకండి. డాక్టరుకు చెప్పకుండా డోసు కూడా తగ్గించకండి.